తెగిన లైనులో రెండు రింగులు

దయ్యాలు, శకునాలు అంటూ ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. చిన్నప్పుడు పిల్లి ఎదురొచ్చిందని మా నాయనమ్మ కాసేపు కూర్చుని బడికి వెళ్ళమంటే, పెరటి గుమ్మంలోంచి పారిపోయినదాన్ని నేను. ఇప్పుడు ఇది రాస్తున్నానని తెలిస్తే మా ఆయన వారం రోజులు ఆటపట్టిస్తారు. పట్టించనివ్వండి. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. పట్టపగలు, పాతిక మంది మధ్యలో జరిగింది.

రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతం. రాజమండ్రి దగ్గరి కొత్తపేటలో బస్టాండుకి దగ్గరగా ఒక మేడ మీద మా సెంటరు ఉండేది. విదేశాల్లో డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి రికార్డు చేసిన మాటలు మాకు వచ్చేవి. మా ఆడవాళ్ళు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, విని, టైపు చేసేవారు. ఈ పని మాకు హైదరాబాదులోని ఒక కంపెనీ ఇచ్చేది. సెంటర్లో కంప్యూటర్లు చూసుకునే బాధ్యత నాది.

నిజానికి మా బల్లల మీద కంప్యూటర్లు లేవు. తెర, కీబోర్డు, పుస్తకమంత డబ్బా, అంతే. అసలు కంప్యూటరు రాజమండ్రిలో మా యజమాని గారి పెద్దాఫీసులో ఉన్న సర్వరు. మా తెరల మీద కనిపించేదంతా అక్కడ నడిచేదే. డాబా మీద యాంటెన్నా పెట్టి లింకు తెచ్చుకున్నాం. ఈరోజుల్లో క్లౌడ్ అంటున్నారే, దానికి అమ్మమ్మ లాంటిది. ఆ సర్వరు కూలబడితే మా పాతిక తెరలూ ఒక్కసారే నల్లబడేవి. సేవ్ చెయ్యని పనంతా గంగలో కలిసేది.

సర్వరు పక్కన కూర్చునేది పద్మక్క. నాకీ పని నేర్పింది ఆవిడే. ఎంత చిరాకులో ఉన్నా గొంతు పెంచేది కాదు. నేను దానికి పూర్తిగా ఉల్టా. అయినా ఎందుకో నేనంటే ఆవిడకి ఇష్టం.

ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. పొద్దున్న సర్వరు సిద్ధమవగానే మా ల్యాండు ఫోనుకి ఒక్క రింగిచ్చి పెట్టేసేది. పని మొదలెట్టమని అర్థం. మధ్యలో రెండు రింగులిచ్చి ఆపేసిందంటే సర్వరు తేడా చేస్తోందని, వెంటనే సేవ్ చేసుకుని బయటికి వచ్చెయ్యమని. ఫోను మాత్రం ఎవరూ ఎత్తకూడదు. ఎత్తి, హలో అని, ఏమైందక్కా అని అడిగి, అందరికీ చెప్పేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. మా వైపు గల్ఫుకి వెళ్ళినవాళ్ళు క్షేమంగా చేరామని ఇంటికి రింగిచ్చి కట్ చెయ్యడం మామూలే కాబట్టి, ఈ ఏర్పాటు ఎవరికీ వింతగా అనిపించలేదు.

ఒక వానాకాలం పద్మక్కకి జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేరిన మనిషి మళ్ళీ ప్రాణాలతో ఇంటికి రాలేదు. ముక్తేశ్వరంలో వాళ్ళింటికి వెళ్ళి చూసినప్పుడు నేను ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ మా వాళ్ళు చెప్పుకుంటారు.

ఆవిడ కుర్చీలో వేరే మనిషిని పెట్టలేదు. సర్వరు గదికి తాళం వేసి, ఏదైనా పాడైతే మెకానిక్కు వచ్చేలా ఏర్పాటు చేశారు. ఆ తర్వాత రెండుసార్లు సర్వరు చెప్పాపెట్టకుండా ఆగిపోయింది. రెండుసార్లూ ఆ రోజు సేవ్ చెయ్యని పనంతా పోయింది. ఇంకొక్కసారి ఇలా జరిగితే మీ సెంటరుకి పని ఇవ్వబోమని హైదరాబాదు వాళ్ళు తెగేసి చెప్పారు.

అంటే పాతిక మంది ఇళ్ళకి పోవలసిందే. కొత్తపేటలో ఆడవాళ్ళకి కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం ఇంకెక్కడుంది? వాళ్ళలో అందరికంటే కొత్త మనిషి నాగమణి. భర్త దోహా వెళ్ళి, కొన్నాళ్ళుగా జాడ లేడు. పిల్లల్ని తల్లి దగ్గర వదిలి రోజూ బస్సులో వచ్చేది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. తెర ఒక్క క్షణం ఆగితే చాలు, బిక్కమొహం వేసుకుని నా వైపు చూసేది.

నేను పంతం పట్టాను. సర్వరు చచ్చాక పరిగెత్తడం కాదు, జబ్బు పడుతుండగానే నాకు తెలియాలి. సెలవులు మానుకుని, రాజమండ్రి తిరిగి, అలర్టులు తయారుచేశాను. డిస్కు నిండబోతున్నా, లోపల వేడెక్కుతున్నా, బ్యాటరీ తగ్గుతున్నా నా సెల్లుకి ముందే మెసేజ్ వస్తుంది. నా తెర మీద వరసగా పచ్చ గుర్తులుంటాయి, తేడా వస్తే ఎర్రబడతాయి. మనిషి కాపలా అక్కర్లేదని మా యజమాని సత్యం గారు మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆ రోజు టైపు చేసిన ఫైళ్ళ పెద్ద బ్యాచ్ సాయంత్రానికి హైదరాబాదు వెళ్ళాలి. పొద్దున్న ఫోను ఎత్తి చూస్తే చడీచప్పుడూ లేదు. టెలిఫోన్ ఆఫీసుకి సెల్లు నుంచి చేస్తే, రోడ్డు తవ్వుతుంటే కేబుల్ తెగిందని, బాగవడానికి ఒకటి రెండు రోజులు పడుతుందని చెప్పారు. మా లింకు యాంటెన్నా మీద వచ్చేది కాబట్టి పనికి అడ్డం లేదు. ఫోను సంగతి అందరికీ చెప్పాను.

భోజనాల వేళకి ముందు, అందరూ పనిలో మునిగి ఉండగా ఆ ఫోను మోగింది. రెండుసార్లు. ఆగిపోయింది.

గదిలో కీబోర్డులన్నీ ఒక్కసారి నిలిచిపోయాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్ళు కూడా తలెత్తారు. నా తెర వంక చూశాను. అన్నీ పచ్చగానే ఉన్నాయి. సెల్లు చూశాను. మెసేజ్ లేదు.

నాగమణి మెల్లిగా అంది, "ఫోను పన్జెయ్యట్లేదన్నారు కదండీ?"

"అందరూ సేవ్ చేసుకుని బయటికి వచ్చెయ్యండి," అన్నాను.

పాతవాళ్ళు మారుమాట్లాడకుండా చేతులు కదిపారు. బ్యాచ్ కోసం ఆ రోజు మా సెంటరుకే వచ్చి కూర్చున్న సత్యం గారు గాజు గదిలోంచి పరిగెత్తుకొచ్చారు. "అన్నీ పచ్చగా ఉన్నాయి కదమ్మా! పని ఆపితే బ్యాచ్ ఆలస్యమైపోద్ది. మొన్నటిదాకా నీ అలర్టులే గొప్పన్నావు, ఇప్పుడు పాడైన ఫోను మాట వింటావా?"

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ పద్మక్క రెండు రింగులిస్తే ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. నాగమణి ఇంకా తెర వైపే చూస్తూ కూర్చుంటే వెళ్ళి భుజం తట్టి, నా కళ్ళముందే సేవ్ చేయించాను.

ఆమె లేచి, ఏం తోచిందో, వెళ్ళి ఫోను ఎత్తి చెవికి పెట్టుకుంది. "ఇందులో ఏమీ వినపడట్లేదండీ," అంది. నేనూ తీసుకుని విన్నాను. పొద్దున్న ఎలా ఉందో అలాగే ఉంది.

సత్యం గారు నన్ను ఇంకా చివాట్లు పెడుతూనే ఉన్నారు. అంతలో తెరలు నల్లబడ్డాయి. నా తెర మీద పచ్చ గుర్తులు ఎర్రబడను కూడా లేదు, అలాగే మాయమయ్యాయి.

రాజమండ్రిలో సర్వరు విప్పి చూస్తే, డిస్కులను నడిపే కార్డు కాలిపోయింది. ఆ కార్డు సంగతి కనిపెట్టే అలర్టు ఏదీ లేదు. ఉన్నా లాభం లేదు, ఎందుకంటే అలర్టులన్నీ ఆ సర్వరులోనే నడిచేవి. మునిగే పడవే తాను మునుగుతున్నానని కేకెయ్యాలన్నమాట. కార్డు మార్చాక, సేవ్ చేసినవన్నీ ఉన్నాయి. ఒక్క ఫైలు పోలేదు. అందరం పొద్దుపోయేదాకా కూర్చుని బ్యాచ్ పంపించాం.

హైదరాబాదు కంపెనీ పెద్దాయన సంగతి తెలిసి నా సెల్లుకి ఫోన్ చేసి, మీ అలర్టు భలే పనిచేసిందని మెచ్చుకున్నారు. సత్యం గారు నాకు కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నారు. నాకు అబద్ధం నోట రాలేదు. మా అలర్టు పనిచెయ్యలేదండీ, తెగిపోయిన ఫోను మోగిందని చెప్పాను. ఆయన నవ్వి, మంచి జోకే అన్నారు. పని మాత్రం మా దగ్గరే ఉంచారు.

ఫోను బాగుచెయ్యడానికి వచ్చిన లైనుమాన్‌ని వదల్లేదు నేను. తెగిన లైనులో బెల్లు మోగుతుందా అని నిలదీశాను. "తీగకి తడి తగిలితే ఒక్కోసారి టింగుమంటాదండి," అన్నాడు. రెండు నిండు రింగులు మోగి ఆగిందని చెబితే, "అలా మోగదండి," అని సామాను సర్దుకున్నాడు.

ఆ నెలలోనే సర్వరుని బయటినుంచి కనిపెట్టడానికి మా సెంటర్లో వేరే కంప్యూటరు పెట్టించాను. సత్యం గారిని అడిగితే వద్దన్నారు, మళ్ళీ అడిగాను. ఇప్పుడు నేను వందల డెస్క్‌టాపులు చూసుకుంటున్నాను. ఏది నీరసపడుతున్నా ముందే తెలుస్తుంది. ప్రతిదానికీ కారణం రాసి ఉంటుంది. కారణం లేని అలర్టు నాకు వచ్చింది ఆ ఒక్కసారే.

కొన్నాళ్ళకి నాగమణి ఉద్యోగం ఖాయమైంది. స్వీటు డబ్బా పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి, అలాగే నిలబడిపోయింది. ఏమిటమ్మా అంటే, "పద్మగారి గురించి మిగతావాళ్ళు చెప్పేరండి," అంది.

"ఊఁ," అన్నాను.

"మీరంటే ఆవిడకి ప్రాణం. మిగతావాళ్ళూ తెలుసు. నేను ఆవిడ పోయేక వచ్చేను కదండీ. నేనెవరో కూడా ఆవిడకి తెలీదు." కళ్ళనిండా నీళ్ళతో నా వైపు చూసింది. "మరి నా ఫైలు కూడా ఆవిడ ఎందుకు కాపాడేరండీ?"