రొట్టెల పిన్నికి ఒక పూట సెలవు

మా మరదలికి నోట్లో నాలుక లేదని మా బిల్డింగులో అందరూ అంటారు. ఉంది. దాన్ని వాడుకునే తీరిక లేదు, అంతే. తెల్లారింది మొదలు చంకలో ఒకరు, కాళ్ళకు చుట్టుకుని ఒకరు, పిండి డబ్బాలో తల దూర్చి ఇంకొకరు ఉంటే, మనిషి ఎవరితో మాటలు పెట్టుకుంటుంది? నాకా బాధ లేదు. ఆమె కింది అంతస్తులో కుట్టు మిషను పెట్టుకుని ఒంటరిగా బతికేదాన్ని. నోరు చేసుకోవడానికి కావలసినంత తీరిక ఉంది. అందుకే ఆమె సంగతి నేను చెబుతున్నాను.

నా తమ్ముడు బస్సు డ్రైవరు. మంచివాడే. వాడితో వచ్చిన చిక్కల్లా, తన ఇల్లు సర్దుకుని కనబడితే లోకమంతా సర్దుకున్నట్టే అనుకుంటాడు. పెళ్ళికి ముందు మరదలు ఒక పెద్ద హోటల్లో రొట్టెలు కాల్చే విభాగంలో పనిచేసేది. అక్కడి మాస్టరు వయసులో ఉండగా ఓడల మీద వంట చేసినవాడట. రేవు రేవుకీ ఒక రొట్టె నేర్చుకుని వచ్చి, ఆ విద్యంతా ఈమె చేతిలో పెట్టాడు. జర్మనీ వాళ్ళ మెలికల ప్రెట్జెల్, ఐర్లండు వాళ్ళ సోడా రొట్టె, జార్జియా వాళ్ళు పడవలా చేసి నడుమ గుడ్డు కొట్టిపోసే చీజు రొట్టె, అన్నీ వచ్చు. పెద్దమ్మాయి కడుపున పడ్డాక పని మానేసింది. ఒక్క ఏడాది అనుకుంది. ఆ ఏడాది గడవకుండానే రెండోవాడు వస్తున్నాడని తెలిసింది, ఆ తర్వాత ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు.

వాళ్ళది మూడో అంతస్తు. రెండు గదులు, ఇరుకు వంటగది, ఇనుప కటకటాల బాల్కనీ. పిల్లలు మెట్ల మీదికి పరిగెత్తకుండా తమ్ముడు తలుపు గడియను పైకెక్కించి బిగించాడు. వంటగది కిటికీలోంచి చూస్తే సందు అవతల ఉన్న పెద్ద బేకరీ వెనకవైపు కనిపిస్తుంది. బట్టీ దగ్గర పనిచేసేవాళ్ళు తెల్ల టోపీలు తీసి విసురుకుంటూ కాస్త గాలికి అక్కడికొచ్చి నిలబడతారు. గిన్నెలు కడుగుతూ ఆమె వాళ్ళనే చూసేది. నేను చాలాసార్లు గమనించాను. బట్టీ సెగకు మాడిపోయి, చెమటలు కక్కుతూ నిలబడ్డ మనుషుల్ని చూసి కుళ్ళుకునే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

మొదట ఎదురింటి నర్సు తన కూతుర్ని ఒక్క పూట చూడమంది. ఆ ఒక్క పూట రోజూ అయింది. తర్వాత బ్యాంకులో పనిచేసే ఆవిడ కవలలు వచ్చారు. నీ దగ్గర ఇప్పటికే ముగ్గురున్నారుగా, ఇంకో ఇద్దరు ఒక లెక్కా అందావిడ. ఆ తర్వాత మందుల షాపు వాళ్ళ బాబు, పై ఇంటి టీచరమ్మ మనవడు. ఎవరి మాటా కాదనలేకపోయింది. కాదను అని నేను గొంతు చించుకున్నాను. అంటాను వదినా అనేది. ఆ అనడం ఎప్పుడూ నా దగ్గరే, వాళ్ళ దగ్గర కాదు.

ఇరుకింట్లో ఏడుగురు పిల్లలు ఉంటే ఏం చేస్తుంది? తనకు తెలిసిన పని చేసింది. నేల మీద దుప్పటి పరిచి, ఏడుగుర్నీ కూర్చోబెట్టి, రొట్టెలు చేయించడం మొదలుపెట్టింది. వారానికో దేశం. దానికి ఆమె పద్ధతి ఒకటుంది. తను పని మొదలుపెట్టేముందు ప్రతి పిల్లకీ, పిల్లాడికీ తలా ఒక పిండి ముద్ద ఇస్తుంది. ముద్ద చేతిలో పడ్డాకే ఆమె చేతులు కదులుతాయి. ఆ ముద్దను వాళ్ళు పిసుకుతారు, నలుపుతారు, ముక్కుకు పూసుకుంటారు. చివరికి మట్టి రంగు తేలిన దాన్ని కూడా ట్రేలో పెట్టి కాలుస్తుంది, ఎవరిది వాళ్ళకే ఇస్తుంది. పిల్లలు ఆమెకు రొట్టెల పిన్ని అని పేరు పెట్టారు.

చూడ్డానికి ముచ్చటగానే ఉండేది, అబద్ధమెందుకు చెప్పాలి. పీటా రొట్టె చేసిన రోజు ఏడుగురూ ఓవెను అద్దానికి దూరంగా గీసిన సుద్ద గీత వెనక గొంతుక్కూర్చునేవాళ్ళు. పల్చటి రొట్టె ఉన్నట్టుండి బుస్సున బూరెలా ఉబ్బేసరికి ఇల్లు ఎగిరిపోయేలా కేకలు. ప్రెట్జెల్ మెలిక తిప్పడం నాకైతే ఇప్పటికీ రాదు, నర్సు కూతురు మాత్రం కళ్ళు మూసుకుని తిప్పుతుంది. మందుల షాపు బాబుకు దేశాలన్నీ ఓవెనులోనే ఉంటాయని గట్టి నమ్మకం. ఒకరోజు వాడు, ఈ దేశాలన్నీ నువ్వు చూశావా పిన్నీ అని అడిగాడు.

“ఒక్కటీ చూడలేదు నాన్నా. ఈమధ్య మన వీధి చివర కూడా చూడలేదు” అంది.

వాడికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. ఎందుకంటే అది నిజం. కూరగాయలు తమ్ముడు తెచ్చేవాడు, పాలు గుమ్మంలోకొచ్చేవి, సెలవురోజు వస్తే వారమంతా పేరుకున్న బట్టలుండేవి. బాత్రూములోకి వెళ్ళినా తలుపు ఓరగా తీసి పెట్టుకోవాల్సిన బతుకు. ఆ పిల్లలు వెళ్ళాక సాయంత్రం ఆమె మెడ తిప్పడం చూస్తే, పగలంతా మూటలు మోసినవాళ్ళు గుర్తొచ్చేవాళ్ళు.

ఇలా ఉండగా బేకరీలో రెండో మాస్టరు పని మానేశాడని తెలిసింది. ఆ కబురు చేరవేసింది నేనే. ఓనరమ్మ జాకెట్లు నేను కుడతాను. మా మరదలి సంగతి చెబితే, శుక్రవారం పొద్దున్నే వచ్చి ఏదైనా చేసి చూపించమంది. పని నచ్చితే బట్టీ దగ్గరికి తీసుకుంటానంది. ఈ మాట చెప్పగానే మరదలు చేతిలోని గిన్నె కింద పెట్టి, రెండు చేతులూ తుడుచుకుని, మళ్ళీ చెప్పండి వదినా అంది. మళ్ళీ చెప్పాను. తమ్ముడికి నేనే నచ్చజెప్పాను. పిల్లల్ని నెమ్మదిగా బాలవాడిలో వేద్దామన్నాను. వాడు తల గోక్కుని, సరే ముందు పని దొరకనీ అన్నాడు. వాడి నోటి నుంచి ఆ మాత్రం రావడమే గొప్ప.

ఆ వారం ఆమె మనిషే మారిపోయింది. మెట్లు దిగి నా దగ్గరికి రెండుసార్లు వచ్చింది, కారణం ఏమీ లేకుండానే. పాత తెల్ల కోటు వెతికి తీస్తే భుజాల దగ్గర బిగుతైంది, విప్పి కుట్టి ఇచ్చాను. నాలుగిళ్ళకూ వెళ్ళి చెప్పింది, శుక్రవారం పొద్దున నాకు కుదరదు, ఆ పూటకు పిల్లల్ని పంపకండి అని. పాపం, అయ్యో దానికేముంది అన్నారందరూ. తన ఇద్దర్నీ ఆ పూటకు నేను చూస్తానన్నాను.

శుక్రవారం పొద్దున్నే పిల్లలకోసం నేను పైకి వెళ్ళాను. తమ్ముడు అప్పటికే డ్యూటీకి పోయాడు. ఆమె తెల్ల కోటు తొడుక్కుని, ముందురోజే కలిపిన ప్రెట్జెల్ పిండి డబ్బా పక్కన పెట్టుకుని, చెప్పులు వేసుకుంటోంది. గంట మోగింది. నర్సు. చేతిలో కూతురు. మీకు కుదరదన్నారని తెలుసు, కానీ ఇవాళ మిగతావాళ్ళెవరూ రారుగా, మా ఒక్కదాన్ని చూసుకోవడం మీకో కష్టమా అని, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది. మేమింకా నోళ్ళు తెరిచి నిలబడే ఉన్నాం, లిఫ్టులోంచి బ్యాంకావిడ దిగింది. మిగతావాళ్ళు రారుగా. ఆ తర్వాత మందుల షాపు ఆయన. ఆ తర్వాత టీచరమ్మ. ఒకరికొకరు చెప్పుకోలేదు, కూడబలుక్కోలేదు. నలుగురూ విడివిడిగా అదే మాట అనుకుని, అదే మాట అని, చేతులు దులుపుకుని పోయారు. మిగతా ముగ్గురూ ఎలాగూ పంపరు కాబట్టి తను పంపినా ఫరవాలేదని నలుగురూ అనుకుంటే ఏమవుతుందో ఆలోచించే బుర్ర ఒక్కరికీ లేకపోయింది. నేను మెట్ల మీదకెళ్ళి నోటికొచ్చినట్టు అరిచాను. కింద గేటు పడిన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

ఏడుగుర్నీ నేను చూస్తాను, నువ్వు పో అన్నాను. ఆమె నా ఇంటిని తలుచుకున్నట్టుంది. సూదులు, కత్తెరలు, ఇస్త్రీ పెట్టె. నా మోకాళ్ళ సంగతి కూడా ఆమెకు తెలుసు. “వద్దు వదినా. అందర్నీ తీసుకుపోదాం. మీరు వీళ్ళతో ముందు హాల్లో కూర్చోండి. నేను లోపల నా పని చూసుకుని వచ్చేస్తాను” అంది. పిండి డబ్బా ఎత్తుకుని ముందు నడిచింది. సందు దాటేటప్పుడు చూశాను, ఆమె పెదవులు బిగబట్టి నడుస్తోంది. ఎన్నాళ్ళకో ఆ సందు దాటడం.

బేకరీలో అమ్మే హాలుకీ, వెనక పనిచేసే గదికీ నడుమ పెద్ద అద్దం ఉంది. ఏడుగుర్నీ బెంచీ మీద వరసగా కూర్చోబెట్టాను. కాసేపు బుద్ధిగానే ఉన్నారు. అద్దం అవతల మరదలు చేతులు కడుక్కుంది, బల్ల మీద పిండి తీసి పెట్టింది. పక్కన పెద్ద మాస్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె భుజాలు ఎలా నిలబెట్టిందో చూడాల్సింది. మా ఇంట్లో అలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. పిండిని తాడులా సాగదీసి మెలిక తిప్పింది, ఒకటి, ఇంకొకటి.

అప్పుడు మందుల షాపు బాబు లేచి అద్దానికి ముక్కు ఆనించి, “నా ముద్ద ఏది?” అన్నాడు.

అంతే. మిగతా ఆరుగురికీ అప్పుడు తట్టింది. పిన్ని పని మొదలుపెట్టేసింది, తమకు ముద్దలివ్వలేదు. అలా ఎన్నడూ జరగలేదు. కవలలు ముందు అందుకున్నారు, తర్వాత ఆమె సొంత కొడుకు, ఆ తర్వాత ఎవరు ఎవరో తెలియలేదు. అద్దం మీద అరచేతులతో బాదుతూ ఏడుగురూ ఒకటే గోల. కొనడానికొచ్చినవాళ్ళు ఆగిపోయి చూస్తున్నారు. బిస్కెట్లు చూపించాను, బుజ్జగించాను, కసిరాను. తల ప్రాణం తోకకొచ్చింది. లోపల ఆమె చేతులు ఆగిపోయాయి. బల్ల మీది పిండి వైపు చూసింది. అది ఇవాళ చేసి చూపించడానికి సరిపడా మాత్రమే తెచ్చుకున్న పిండి. పిల్లల వైపు చూసింది. తర్వాత తలుపు తీసింది.

ఏడుగురూ లోపలికి పోయారు. తలా ఒక ముద్ద తెంపి ఇచ్చింది. ఏడుపు కుళాయి కట్టేసినట్టు ఆగింది. బల్ల పక్కన ఖాళీ గోధుమపిండి బస్తా పరిచి కూర్చోబెట్టి, తన మామూలు గొంతుతో, ఇవాళ జర్మనీ వెళ్తున్నాం, ముందు తాడు చేయాలి, తర్వాత తాడుకు ముడి వేయాలి అని మొదలుపెట్టింది. పిల్లలు ఆమె చెప్పినట్టే చేశారు. కాల్చేముందు ప్రెట్జెల్లు ముంచే సోడా వేడినీళ్ళ గిన్నె దగ్గరికి మాత్రం ఎవర్నీ రానివ్వలేదు, తనే ముంచి తీసింది. అద్దం ఇవతల జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి. ఓనరమ్మ గల్లా వదిలేసి వచ్చి నా పక్కన నిలబడి చూసింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

మరదలి పిండి పిల్లలకు పోగా మిగిలినవి నాలుగు ప్రెట్జెల్లే. ముదురు గోధుమ రంగులో, నిగనిగలాడుతూ వచ్చాయి. పెద్ద మాస్టరు ఒకటి విరిచి తిన్నాడు, రెండోది కూడా విరిచాడు. “చెయ్యి తిరిగిన మనిషమ్మా, రేపట్నుంచే బట్టీ దగ్గర పెట్టుకోవచ్చు” అన్నాడు ఓనరమ్మతో. నా గుండె ఆగినంత పనైంది, సంతోషంతో.

ఓనరమ్మ తల అడ్డంగా ఊపింది. “బట్టీ దగ్గరికి ఎవరో ఒకరు దొరుకుతారు మాస్టరుగారూ. ఏడుగురు పిల్లల్ని ఇలా కూర్చోబెట్టే మనిషి ఎక్కడ దొరుకుతుంది?” అంది. మరదలి చేయి పట్టుకుని చెప్పింది, సెలవురోజుల్లో పొద్దున పూట హాల్లో పిల్లల క్లాసు పెడదాం, వారానికో దేశం రొట్టె, నువ్వే నేర్పాలి, నీ పిల్లల్ని కూడా తెచ్చుకోవచ్చు అని.

మరదలు చేయి వెనక్కి తీసుకుంది. “నాకు పిల్లలు వద్దండి. బట్టీ పని కావాలి” అంది.

ఆ మాట ఆమె జీవితంలో ఎంతమందితో అని ఉంటుందో నాకు తెలుసు. ఎవరితోనూ అనలేదు. ఓనరమ్మ పకపకా నవ్వింది. ఆ వేడిలో నువ్వెందుకమ్మా మాడడం, నీకు దేవుడిచ్చింది ఇది అంది. అప్పటికి నర్సు కూతురు ఆమె కోటు పట్టుకుని, నాది కాలిందా పిన్నీ అని లాగుతోంది. ఓనరమ్మతో నేనూ వాదించాను, గొంతు పెంచాను, ఇక మీ జాకెట్లు కుట్టనని కూడా అన్నాను. ఆమె మర్యాదగా ఏడుగురికీ కేకు ముక్కలిచ్చి పంపింది.

ఆ సాయంత్రం బిల్డింగంతా పండగ చేసుకుంది. ఎంత అదృష్టమో అన్నారు. మా తమ్ముడైతే ఛాతీ విరుచుకుని తిరిగాడు, ఇంటికి ఇబ్బంది లేని పని దొరికిందని. నాలుగిళ్ళవాళ్ళూ తమ పిల్లల పేర్లే ముందు రాయించారు, సెలవురోజు పొద్దున కూడా కాస్త నిద్రపోవచ్చని. బట్టీ దగ్గరికి ఎవరో కుర్రాణ్ణి తీసుకున్నారు. మరదలు క్లాసుకు ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది, తెరుచుకున్న తలుపు అదొక్కటే. ఇప్పుడు వారమంతా ఇంట్లో ఏడుగురు, సెలవురోజు బేకరీలో ఇరవైమంది. అద్దానికి ఇవతలే.

మొన్న ఊడిన గుండీలు కుట్టి పిల్లల చొక్కాలు తీసుకుని పైకి వెళ్ళాను. పిల్లలు లోపలి గదిలో ఆడుకుంటున్నారు. ఆమె వంటగది గుమ్మంలో కూర్చుని ట్రేలు గీకుతోంది. పక్కన కూర్చున్నాను. ఓనరమ్మను మళ్ళీ అడుగుదామా అన్నాను. ఆమె తల ఎత్తలేదు.

“ఆ రోజు వాళ్ళని ఏడవనివ్వాల్సింది వదినా” అంది.

అంత మెల్లగా చెప్పింది. పిల్ల తుమ్మితే పరిగెత్తే మనిషి అనాల్సిన మాటా అది. ఇంతలో లోపల ఎవరో పడ్డారు, ఏడుపు మొదలైంది. ఆమె ట్రే గీకుతూనే ఉంది. ఏడుపు పెద్దదైంది. ఇంకా గీకుతూనే ఉంది. నేను లేవబోయాను. అప్పుడు ట్రే కింద పెట్టి, మీరు కూర్చోండి అని, తనే లేచింది.