స్పిరిదోన్ గారి గురువారాలు

స్పిరిదోన్ గారికి దాచిన వస్తువంటే నమ్మకం లేదు. దాచడం వేరు, దాచింది అవసరానికి పనికిరావడం వేరు అంటారు. డాన్యూబ్ నది ఒడ్డునున్న తన ఊళ్లోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్న గ్రంథాలయాల డేటాబేస్‌కి ముప్పై ఏళ్లుగా ఆయనే కాపలా. రోజూ రాత్రి కంప్యూటర్ దానికి నకలు తీసి పెడుతుంది. ఇంకెవరైనా అయితే నకలుందిగా అని నిశ్చింతగా ఉంటారు. ఈయన మాత్రం ఆ నకలును తిరిగి ఎక్కించి, అన్నీ ఉన్నాయని చూసుకుంటేగాని కాఫీ ముట్టరు.

ఈ జబ్బు ఆఫీసుతో ఆగినా బాగుండేది. ఏటా చలికాలం కోసం ఆయన భార్య త్సోంకా కాల్చిన ఎర్ర మిరపకాయల పచ్చడి ఇరవై నాలుగు సీసాలు పెట్టి నేలమాళిగలో దాస్తుంది. ఈయన వారానికి రెండు మూతలు తీసి, రొట్టెకు రాసుకుని తిని, "ఇవి బాగున్నాయి, మిగతావి ఎలా ఉన్నాయో" అంటారు. క్రిస్మస్ నాటికి అన్నీ బాగున్నాయని తేలింది. ఒక్కటీ మిగల్లేదు.

ఓసారి పక్కింట్లో ఇచ్చి ఉంచిన మారు తాళంచెవిని పరీక్షిద్దామని, అసలుది లోపలే వదిలేసి తలుపు లాగేశారు. తీరా చూస్తే పక్కింటివాళ్లు సముద్రతీరానికి షికారు వెళ్లారు. ఆలుమగలిద్దరూ ఇంటి చెప్పులతో సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చున్నారు.

"ఇప్పుడు కడుపు నిండిందా?" అంది త్సోంకా.

"నిండదూ మరి? మారు తాళంచెవి ఒక్కచోటే ఉండకూడదని తెలిసింది."

ఇలాంటి మనిషి చేతిలో పడింది జివ్కా. ఇరవై ఏళ్లు బడిలో భూగోళం చెప్పింది. ఊళ్లో పిల్లలు తగ్గి బడి మూతపడితే, నలభై మూడో ఏట ఈ విద్య కొత్తగా నేర్చుకుని ఆఫీసులో చేరింది. ఆరు నెలలు చూసి ఉంచుకోవడమో, పంపేయడమో చేస్తామన్నారు. "టీచరమ్మకి ఇది అబ్బుతుందా" అని డైరెక్టర్ పావునోవా మొదటిరోజే మొహం మీద అనేసింది.

ప్రతి గురువారం పొద్దున కాఫీ అవగానే స్పిరిదోన్ గారు పక్కనున్న ఖాళీ కంప్యూటర్లో నకలు డేటాబేస్‌ను తన చేత్తోనే చెడగొట్టి, వాచీ విప్పి బల్ల మీద పెడతారు.

"అమ్మా జివ్కా, కొంప మునిగింది. తిరిగి తీసుకురా."

"పోయినవారం కూడా నేనే కదండీ. ఇంకో ముగ్గురున్నారుగా."

"వాళ్లకొచ్చు."

"నాకూ వచ్చేసింది."

"వచ్చేసిందనుకోవడం వేరు, రావడం వేరు. పోయినవారం నలభై రెండు నిమిషాలు పట్టింది. ఊఁ, కానీ."

దీనికితోడు ఆమె కంప్యూటర్ చుట్టూ చీటీలు. 'తుడిచే ముందు ఎన్ని పోతాయో లెక్కపెట్టు.' 'ఏ డేటాబేస్‌లో ఉన్నావో పైకి చదువు.' ఈ ముసలాయనకు తనమీద ఏదో కక్ష ఉందని జివ్కా గట్టిగా నమ్మింది. తనను పంపేయడానికే ఇదంతా అనుకుని, ఇంటికెళ్లి కసికొద్దీ చదివేది.

ఆరో నెల ఆఖరి వారం, మంగళవారం. శుక్రవారంతో జివ్కా గడువు పూర్తి. పాఠకులు తీసుకెళ్లిన పుస్తకాల అరువుల్లో పదేళ్లు దాటిన వివరాలు తీసేయాలి. జివ్కా ఎన్ని పోతాయో లెక్కపెట్టింది, డేటాబేస్ పేరు పైకి చదివింది, ఆజ్ఞను రెండు వరుసల్లో రాసింది. తీరా నడిపేటప్పుడు మౌస్‌తో పై వరుస మాత్రమే ఎంచుకుంది. 'పదేళ్లు దాటినవి మాత్రమే' అన్న షరతు కింది వరుసలో ఉండిపోయింది. నలభై ఒక్క వేల అరువులు ఒక్క క్షణంలో మాయమయ్యాయి. ఇక ఎవరింట్లో ఏ పుస్తకం ఉందో దేవుడికే తెలియాలి.

కింద గ్రంథాలయం కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ పుస్తకం తిరిగివ్వబోయింది.

"మీరు ఏ పుస్తకమూ తీసుకోలేదని చూపిస్తోందండీ."

"అయితే ఇది నాదేనా? నాలుగు నెలల్నించీ జరిమానాకి అనవసరంగా భయపడ్డాను."

పైన జివ్కా మొహంలో నెత్తురు చుక్క లేదు. స్పిరిదోన్ గారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. కీబోర్డు మీద చెయ్యి వేయలేదు.

"మీరు చెయ్యండి, నా వల్ల కాదు" అందామె.

"ఇవాళ గురువారం అనుకో" అన్నారాయన, వాచీ విప్పి బల్ల మీద పెట్టి.

జివ్కా ముందురోజు రాత్రి నకలును పక్క కంప్యూటర్లో ఎక్కించింది. పొద్దుటినుంచి జరిగిన మార్పుల చిట్టాను పదకొండు గంటల మూడు నిమిషాల దాకా నడిపి ఆపింది. ఇంకో నిమిషం ముందుకు పోనిస్తే అన్నీ తుడిచేసిన ఆజ్ఞ కూడా మళ్లీ నడిచేది. వేళ్లకు దారి తెలుసు. పంతొమ్మిది నిమిషాల్లో అరువులన్నీ వెనక్కి వచ్చాయి. కింద పెద్దావిడ నిట్టూర్చి పుస్తకం ఇచ్చేసింది.

అప్పటికే డైరెక్టర్ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవరు చేశారు?"

"నేనే మేడమ్" అంది జివ్కా. ఉద్యోగం పోయిందనే అనుకుంది.

"తిరిగి తెచ్చిందెవరు?"

"అదీ నేనే."

పావునోవా చేతిలోని కాగితాల కట్ట బల్ల మీద పెట్టింది. "ఈయన వారం వారం నాకు ఉత్తరం రాస్తాడమ్మా. ఇవాళే అన్నీ చదివాను. అన్నిట్లోనూ నువ్వే. మొదటిది చూడు."

జివ్కా చదివింది. 'టీచరమ్మ ఏదో ఒకరోజు అసలుదాన్నే తుడిచేస్తుంది. ఇక్కడున్న మేమంతా ఒకసారి తుడిచినవాళ్లమే. ఆ రోజు ఆమె తలదించుకోకుండా తనే తిరిగి తేవాలి. అందుకని గురువారాలన్నీ ఆమెకే. విసుక్కుంటుంది, విసుక్కోనివ్వండి. ఈమెను వదులుకోవద్దు.'

"శుక్రవారం దాకా ఎందుకు, నీ ఉద్యోగం ఖాయం చేస్తూ ఇప్పుడే సంతకం పెడతాను" అంది డైరెక్టర్.

ఆమె వెళ్లాక జివ్కా కళ్లు తుడుచుకుంది. "మీరూ తుడిచారా? ఏం తుడిచారు?"

"కుర్రతనంలో, ఇంకో ఆఫీసులోలే. పెళ్లిళ్ల రిజిస్టరు. మూడు రోజులపాటు ఊరంతా బ్రహ్మచారులే."

"అందరూ తిట్టి ఉంటారు."

"తిట్టారు" అన్నారు స్పిరిదోన్ గారు, వాచీ చేతికి పెట్టుకుంటూ. "తిరిగి తెచ్చాక."