చేతికి తిరగని నట్టు

ఇన్నేళ్లూ నేను మోసింది పెద్ద వస్తువేమీ కాదు. బొటనవేలంత ఇనుప నట్టు. అది ఇప్పుడు నా దగ్గర కూడా లేదు. జమ్మలమడుగు నుంచి కోవెలకుంట్ల మీదుగా నంద్యాలకు పోయే పాత దారిలో ఎక్కడో రాలిపోయింది. ఏ రేగడిలో కూరుకుపోయిందో తెలియదు. అయినా పొద్దున లేచి కాళ్లు నేల మీద పెట్టగానే దాని బరువు తెలుస్తుంది.

నా పేరు మీకు అవసరం లేదు. పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేరి, ఫోర్‌మన్‌గా దిగిపోయిన ముసలివాణ్ణి. పద్ధతైన మనిషినని పేరు. ఏ పానా ఏ మేకుకు తగిలించాలో గోడ మీద బొమ్మ గీసి పెట్టేవాణ్ణి. చిన్నప్పటి నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. వాన పడిందా, ఎవరు వచ్చారు, ఏ పని జరిగింది, అంతే. వాటిలో నాకు తెలిసి ఒకే ఒక అబద్ధం ఉంది. దిద్దుదామని చాలాసార్లు కలం తీశాను. దిద్దలేదు. మీరు నాకు తెలియనివారు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పవలసిన కాలం దాటిపోయింది.

మా చెల్లెలు మార్తమ్మ. ఆమె భర్త ఆశీర్వాదం మిషను బడిలో అయ్యవారు. ఆదివారాల్లో చుట్టుపక్కల పల్లెలు తిరిగి ప్రార్థనలు నడిపేవాడు. కాలినడకన తిరిగి తిరిగి పాదాలు పగిలి నెత్తురు కారేవి. యుద్ధం మొదలైన కొత్తలో, దొర ఒకాయన ఇంగ్లండుకు తిరిగిపోతూ తన పాత మోటారు సైకిలు ఆశీర్వాదానికి ఇచ్చిపోయాడు. దాని ఇంజను ఎప్పుడో బిగుసుకుపోయింది. ఆ మోడలు తయారీ కంపెనీలోనే ఆగిపోయింది. ఓడలు రావడం లేదు, సామాన్లు దొరకవు.

అదే కంపెనీ బండి, పదేళ్లకు పైగా తర్వాతి మోడలు, చెట్టుకు గుద్దుకుని చట్రం విరిగినది, ప్రొద్దుటూరులో వేలానికి వచ్చింది. కొన్నాం. ఇక నాకు పండగే. చట్రం, ముందు ఫోర్కు, వెనక చక్రం పాతదానివి. ఇంజను, పెద్ద బ్రేకు ఉన్న ముందు చక్రం కొత్తదానివి. పేరు ఒకటే అయినా ఒక్క కొలత కూడా కలవలేదు. ఇంజను కూర్చోవడానికి కొత్త పలకలు కోశాను. ఫోర్కు కాళ్లు కొంచెం ఎడం చేసి చక్రాన్ని దూర్చాను. సెలవు రోజులన్నీ దానికే పోయాయి. పేటలో జనం వచ్చి చుట్టూ నిలబడేవారు.

"ఇదేం బండప్పా! కాళ్లు తాతవి, గుండె మనమడిది. మధ్యన తండ్రి యాడ పోయినాడు?" అన్నాడు సంఘ పెద్ద ఒకాయన.

"తండ్రిని నేనే," అన్నాను.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఎంత తియ్యగా ఉండిందో ఇప్పటికీ గుర్తుంది. దాన్ని పోగొట్టుకోలేకనే ఇదంతా చేశాను. భయంతో చేశానని చెబితే కొంచెం మర్యాదగా ఉండేది. కాని భయం తర్వాత వచ్చింది. మొదట ఉన్నది ఆ తీపి.

వేలంలో కొన్న ముందు చక్రానికి ఇరుసు ఉంది గాని, ఒక పక్క నట్టు లేదు. పాత బండి నట్టు తీసి చూశాను. చూపుకు అదే. లోపలి మర గాట్లు వేరు. చేత్తో తిప్పితే ఒకటిన్నర చుట్టు పోయి పట్టేసింది. మా పనిలో ఒక నియమం ఉంది. చేత్తో నాలుగు చుట్లు తిరగని నట్టుకు పానా పెట్టకూడదు. పెడితే బిగిసినట్టే ఉంటుంది. నిజానికి అది పట్టు కాదు, రెండు మరలు ఒకదాన్నొకటి కోసుకోవడం. ఇది నాకు తెలుసు. తెలియక చేసినవాడికి క్షమాపణ అడిగే హక్కు ఉంటుంది.

ఆ ఆదివారం చర్చి ముందు బండిని నిలిపి పాదిరి అయ్యగారి చేత ప్రార్థన చేయిస్తామని అందరికీ చెప్పుకున్నాను. పొడుగాటి పానా తీసుకుని, కాలు తన్నిపెట్టి, లాగాను. బిగిసింది. ఆదివారం అయ్యగారు టాంకీ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆశీర్వాదం పేట చుట్టూ తిరిగి వచ్చాడు. మార్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మరునాడు నట్టు కింద సన్నగా వెండిలాంటి పొడి రాలి ఉంది. మర అరుగుతోంది. ఆశీర్వాదాన్ని పిలిచి చూపించాను. నంద్యాలలో పాత ఇనుము అమ్మే సాయిబు దగ్గర ఆ బండి సామాన్లు ఉంటాయని చెప్పాను. నేను పోవడానికి లేదు. పత్తి సీజను, మిల్లు ఆగదు. అప్పుడు మేము మాట్లాడుకున్న మాటలు ఇవి. ఒక్కటి కూడా మరచిపోలేదు.

"అట్లయితే బస్సులో పోయి తెస్తాలే బావా. రేపు బడికి సెలవే గదా."

"నిన్న ప్రార్థన చేసిన బండిని ఇంట్లో పెట్టి బస్సెక్కినావంటే ఊరేమనుకుంటాదప్పా? తాత కాళ్లు అప్పుడే ఇరిగినాయా అంటారు."

నవ్వాడు. "అంటే నీ పరువు గూడా నేనే మోసుకోని పోవల్లన్నమాట."

"నిదానంగా పో. వంకలకాడ దిగి నెట్టుకోని పో. ఏమీ కాదు."

"మార్తకు ఏం చెప్పల్ల?"

"పనుండాదని చెప్పు. నట్టు సంగతి ఎవురికీ అనొద్దు. దానికి గూడా."

"దానికాడ నేనేమీ దాచను బావా. నీకు తెలుసు."

"ఈ ఒక్కసారి దాచు."

వంగి ముందు చక్రాన్ని ఒకసారి తిప్పి చూశాడు. "సరేలే. ఈ ఒక్కసారి."

మర్నాడు మధ్యాహ్నం మిల్లులో ఉండగా కబురు వచ్చింది. ఊరు ఇంకా కొన్ని మైళ్లు ఉందనగా, వాగు వంకలోకి దారి దిగే చోట, అయ్యవారు పడిపోయాడని. కబురు తెచ్చిన సేద్యగాడి వెంట పోయాను. ఆశీర్వాదాన్ని తుమ్మచెట్టు నీడకు చేర్చి పైన పంచె కప్పారు. మెడ విరిగింది. ఆ సేద్యగాడు ఎద్దులబండి తేవడానికి పోయాడు. అక్కడ నేనూ ఆశీర్వాదమూ మిగిలాము.

ఆ కాసేపట్లో నేను చేసింది చెప్పాలి. దీనికోసమే కదా కూర్చున్నాను.

బండి కింద వంకలో పొదల చాటున పడి ఉంది, దాని దగ్గరికి ఇంకా ఎవరూ పోలేదు. ముందు చక్రం ఫోర్కులోంచి ఒక పక్కకు ఊడి ఉంది. నట్టు లేదు. ఏ మలుపులో రాలిందో. నేను మొదట చూసింది దాన్నే. మనిషిని కాదు. తర్వాత ఆయన జేబులో చెయ్యి పెట్టాను. కాగితంలో చుట్టిన నట్టు ఉంది. సరైన నట్టు. ఇరుసు మరలో ఇరుక్కున్న ఇనుప పీచును తీగతో గీకి, చక్రాన్ని ఫోర్కులోకి తోసి, ఆ నట్టు పెట్టి తిప్పాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నూనె పూసినట్టు తిరిగింది. బండికి ఉన్న సంచిలోంచి పానా తీసి బిగించాను. అది అయ్యాకనే ఆయన కళ్లు మూశాను. అంతవరకు ఆ కళ్లు తెరిచే ఉన్నాయి.

పోలీసు హెడ్డు వచ్చాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అప్పటికి మా కడప జిల్లాలో మద్యనిషేధం వచ్చింది. పక్కనున్న కర్నూలు జిల్లాలో రాలేదు. తాగాలనుకున్నవాళ్లు సరిహద్దు దాటి ఆ పక్కకు పోయి వచ్చేవారు. నంద్యాల నుంచి వస్తూ పడిన మనిషిని చూస్తే ఎవరికైనా మొదట తోచేది అదే.

"వాసన రాలేదు సామీ," అన్నాడు సేద్యగాడు.

"గాలికి పోయింటాదిలే. సరిహద్దు దాటి ఎందుకు పోతారో మాకు తెలీదా?" హెడ్డు నా వైపు తిరిగాడు. "నువ్వు ఫిట్టరువి గదప్పా. బండిలో ఏమన్నా లోపం ఉండాదా?"

"లేదు," అన్నాను.

"అయితే మనిషిలో ఉండాది."

ఆ మాటకు నేను తల ఊపాను. ఊపానా? ఊరికే నిలబడ్డానా? నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. ఊరికే నిలబడ్డాననే అనిపిస్తుంది ఒక్కోసారి. మరోసారి మెడ కదిలినట్టు స్పష్టంగా తెలుస్తుంది. తేడా ఏముంది?

ఆయన నంద్యాలకు ఎందుకు పోయాడో భూమ్మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అది చెబితే నట్టు సంగతి బయటపడుతుంది. నట్టు దాచాలంటే తాగుడు ఒప్పుకోవాలి. రెండూ ఒకే తలుపు వెనక ఉన్నాయి. నేను దాన్ని మూసి నిలబడ్డాను.

మా సంఘంలో ఎవరు చనిపోయినా గంట కొట్టి, దేహాన్ని చర్చిలోకి తెచ్చి, పాటలు పాడి తీసుకుపోతారు. పెద్దలు కూర్చున్నారు. "సారాయికి సరిహద్దు దాటినోనికి గంటేందప్పా? రేపు పిల్లోళ్లకు ఏం చెప్తాం?" అన్నాడు, బండి కాళ్లు తాతవని నవ్వించిన ఆ పెద్దాయనే. ఎవరూ ఎదురు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇంటి నుంచి నేరుగా సమాధుల తోటకు మోసుకుపోయాం. పాడె ముందు కొమ్ము నా భుజం మీదే ఉంది. ఊరంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, మా కాళ్ల కింద మట్టి చప్పుడు వినబడింది.

ఆ సాయంకాలం మార్తమ్మ నన్ను అడిగింది.

"అన్నా, ఆయన యాడికి పోయినాడో నీకేమన్నా తెలుసునా?"

"తెలీదమ్మా."

డైరీలో రాశాను: ఆశీర్వాదం పోయాడు. బండిలో లోపం లేదు.

తర్వాత చాలా ఏళ్లు మార్తమ్మ ఒంటరిగా పోట్లాడింది. కొత్త అయ్యగారు ఎవరు వచ్చినా పోయి కూర్చునేది. "మా ఆయన తాగలేదయ్యా," అనేది. వాళ్లు ఓదార్చేవారు. ఓదార్పు ఆమె అడగలేదు. గంట కొట్టమని అడిగింది. ఆలస్యమైనా సరే, ఒక్కసారి. ఎవరూ కొట్టలేదు. చర్చిలో వెనక తలుపు దగ్గర కూర్చునేది. ముందు వరుసలో కూర్చుని నేను ప్రతి నెలా రొట్టె, ద్రాక్షరసం తీసుకునేవాణ్ణి. మిల్లులో కొత్తగా చేరినవాళ్లకు మొదటి పాఠం నేనే చెప్పేవాణ్ణి, చేత్తో నాలుగు చుట్లు తిరగని నట్టుకు పానా పెట్టకూడదని. గట్టిగా చెప్పేవాణ్ణి. ఎంత పద్ధతైన మనిషి అనుకునేవారు.

ఒకసారి మిల్లు పనిమీద నంద్యాల పోయి, కాళ్లు లాక్కుపోతే ఆ సాయిబు అంగడి ముందు నిలబడ్డాను. ఫటఫటి బండి మీద వచ్చిన అయ్యవారు గుర్తున్నాడా అని అడిగాను. గుర్తున్నాడు. "శానా మంచి మనిషప్పా. నట్టు దొరికితే పిల్లోని మాదిరి సంబరపడినాడు. ఈడనే బిగిచ్చుకోని, చాయ్ తాగిపో అంటి. లేదు సాయిబూ, ఇంట్లో చెప్పకుండా వచ్చినా, జల్దీ పోవల్ల అన్నాడు," అన్నాడు.

అందుకు తొందరపడ్డాడన్నమాట. అందుకే వంక దగ్గర దిగలేదు. నేను దాచమన్న మాట ఆయనను తరిమింది. లోపం నట్టులోనే ఉందని అంతవరకు అనుకున్నాను. ఆ రోజు ఆ మాత్రం ఆసరా కూడా పోయింది. సాయిబును వెంటబెట్టుకుని వస్తే చాలు, మార్తమ్మ అడిగిన గంట మోగేది. బస్సెక్కి ఇంటికి వచ్చాను. ఒక్కణ్ణే.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? కేసు పెడతారనా? మొదట్లో అలా అనుకున్నాను. తర్వాత ఏ కేసూ లేదు, మిల్లు కూడా వయసైందని నన్ను సాగనంపింది. అయినా చెప్పలేదు. రేపు చెబుదామని వాయిదా వేసిన ప్రతి రోజూ మర్నాటి మాటను ఇంకొంచెం కష్టం చేసింది. బిగించిన కొద్దీ కోసుకుపోయే మరలాగా.

మార్తమ్మ చివరి జబ్బులో నేనే దగ్గర కూర్చున్నాను. ఒక పొద్దున గంజి తాగించి మూతి తుడుస్తుంటే, చెప్పాలని గొంతు దాకా వచ్చింది. ఆమే ముందు నోరు తెరిచింది.

"తాగినాడేమోలే అన్నా."

నేను మూతి తుడిచిన గుడ్డను మడత పెట్టాను.

"నేనే ఎర్రిదాన్ని. ఇన్నేళ్లు ఊరోళ్లతో కొట్లాడితి. యాడికి పోతాండావంటే, పనుండాది అన్నాడు. నా మొగం చూడలే. నా కాడ ఎప్పుడూ ఏదీ దాచినోడు కాదు. ఆ పొద్దు దాచినాడంటే అదే అయ్యుంటాది గదా?"

నేను చెంబు పక్కన పెట్టాను. అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఈమె ప్రాణం ఏమవుతుందోనని నాకు నేను సాకు చెప్పుకున్నాను. దయ అన్నాను దాన్ని. అది దయ కాదు. ఊరు ఆమె దగ్గరి నుంచి గంట ఒక్కటే తీసుకుంది. నేను ఆమె మొగుణ్ణే తీసుకున్నాను. ఒకసారి వంకలో, ఇంకోసారి ఆ మంచం మీద.

ఆమె పోయినప్పుడు గంట మోగింది. వెనక తలుపు దగ్గర కూర్చున్న మనిషిని ముందు వరకు మోసుకుపోయారు. నేను విన్నాను.

ఇప్పుడు ఆ వంక మీద వంతెన కట్టారు. బస్సు దాన్ని దాటుతుంటే ఎవరో ఒకరు పక్కవాళ్లకు చూపిస్తారు. ఈడనే ఒక అయ్యవారు తాగి ఫటఫటి మీంచి పడి సచ్చినాడంట అని. నేను ఉన్న బస్సులోనే రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ కిటికీ వైపు తిరిగాను.

మిమ్మల్ని క్షమించమని అడగను. ఆ పని మీది కాదు. క్షమించగలిగినవాళ్లిద్దరూ సమాధుల తోటలో పక్కపక్కన ఉన్నారు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా. ఇదంతా రాసి మడిచి పెడితే నా పాపం తగ్గుతుందనీ అనుకోవడం లేదు. కాని ఈ మాటలు నా చేతి రాతలో ఎక్కడా లేవు. ఇప్పుడు ఉంటాయి. ఎప్పుడైనా మీరు ఆ దారిన పోతే, ఎవరైనా ఆ మాట అంటే, కిటికీ వైపు తిరగకండి.

ఆశీర్వాదం తాగలేదు. నట్టు కోసం పోయాడు. నేనే పంపాను. భార్యకు చెప్పవద్దన్నది కూడా నేనే.