పాట కింద గొంతు

పామిడి బస్టాండు వెనక సందులో పెళ్లి వీడియోలు తీసే జయరాజు పెళ్లానికి ఒక అబద్ధం చెప్పాడు. అదేమంత పెద్దది కాదు. "కంప్యూటరుకు ఈ కొత్త సామాన్లంతా ఎడిటింగ్ కోసమే సువార్తా" అన్నాడంతే. సువార్త నమ్మింది. ఎందుకు నమ్మదు? ఆ పాత కంప్యూటరులో పెళ్లి వీడియో తయారై వచ్చేలోపు పెళ్లికూతురికి సీమంతం కూడా అయిపోతుందని ఊరంతా నవ్వేది.

అసలు సంగతి వేరు. జయరాజుకు లారీ తోలే ఆట ఒకటి పట్టుకుంది. ఎండకు కుక్క కూడా సందులో కనబడని వేళ షట్టరు సగం దించుకుని, ఎక్కడివో పచ్చటి కొండల్లో లారీ తోలుకునేవాడు. ఆ ఆటలో వాన పడుతుంది. కానీ నాలుగు చినుకులు రాలగానే అతని పాత డబ్బా బిగుసుకుపోయేది. బయట ఎటూ వాన లేదు, తెర మీదైనా తనివితీరా చూద్దామని ఆయనగారి ఆరాటం. తల నెరుస్తున్న మనిషికి ఇదేం పిచ్చో!

అనంతపురంలో కంప్యూటర్ సామాన్లమ్మే రాఘవేంద్ర తిన్నగానే అడిగాడు.

"ఏం పనికన్నా?"

"ఎడిటింగ్‌కప్పా."

"అట్లయితే ర్యామ్ పెంచుకో, ఇంకో హార్డ్ డిస్క్ ఏసుకో. నీది నిండిపోయుండాది. తీసిన వీడియోలు యాడ పెట్టుకుంటావు? తెర మీద బొమ్మ ఆడేదానికి గ్రాఫిక్స్ కార్డు ఈ చిన్నది చాలు."

జయరాజు చూపు మాత్రం అద్దాల బీరువాలోని పెద్ద కార్డు మీదే ఉంది. దానికి మూడు ఫ్యాన్లు, రంగు రంగుల లైట్లు.

"దాన్ని పెడితే పవర్ సప్లై గూడా మార్చాల. నీ పాతది మోయలేదు. ఇంక డిస్కుకు నీ కాడ దుడ్లు మిగలవు" అన్నాడు రాఘవేంద్ర.

"డిస్కు మల్లా చూసుకుందాం లేప్పా."

"ఆటలకా అన్నా?"

"ఛీ ఛీ! ఎడిటింగ్‌కే" అన్నాడు జయరాజు. చెవులు మాత్రం వేడెక్కాయి.

కార్డు వచ్చింది, దానికి తగ్గట్టు ఆట కొత్త వెర్షన్ ఎక్కించబోతే డిస్కులో చోటు చాలలేదు. పాత వీడియోల్లో ఏది తీసేద్దామా అని వెతికితే 'నాగప్ప బోరు' కనబడింది. పూర్తయిన వీడియో ఎప్పుడో ఇచ్చేశాం, తీసినదంతా ఇంకా దాచుకోవడం దేనికని చెరిపేశాడు. ఆ మధ్యాహ్నం లారీ అద్దం మీద వాన ధారలు కట్టింది. జయరాజు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

ఆ బోరు కథ చుట్టుపక్కల అందరికీ తెలుసు. వేసిన బోర్లన్నీ ఎండిపోయాక, చివరిసారని నాగప్ప వేయించిన దాంట్లో నీళ్లు పడ్డాయి. పడితే గంగమ్మకు పూజ చేస్తాం, వీడియో తియ్యమని జయరాజును ముందే పిలిపించుకున్నాడు. బురదనీళ్లు ఎగజిమ్మగానే నాగప్ప పెళ్లాం హనుమక్క వాటికింద నిలబడి నిలువునా తడిసి, చేతులు రెండూ పైకెత్తి ఏదో అరిచింది. జయరాజు పద్ధతి ఏమిటంటే, పెళ్లయినా పుట్టువెంట్రుకలైనా అసలు చప్పుడంతా తీసేసి పైన పాట వేస్తాడు. బోరుకూ వేశాడు. అందరూ భలే ఉందన్నారు.

హనుమక్క పోయి ఏడాది కావస్తుండగా నాగప్ప అంగడికి వచ్చాడు. ఆట నడుస్తూనే ఉంది. జయరాజు గబుక్కున లేచి తెరకు అడ్డంగా నిలబడ్డాడు.

"వచ్చే వారం ఆయమ్మ సంవత్సరీకం. ఆ బోరు వీడియోలో పాట తీసేసి ఇయ్యప్పా."

"పాటెందుకన్నా తీసేది?"

"నీళ్లు పడినప్పుడు ఏమో అరిచినాది గదా. నేను ఆ పక్కన పైపుల కాడ ఉంటి. బోరు లారీ సద్దుకు ఇనపళ్యా. అడిగితే, ఏంలే పో అని నవ్వె. ఫోటోలుండాయి గానీ, ఆయమ్మ గొంతు నా కాడ యాడా లేదప్పా."

జయరాజు తెరకు ఇంకాస్త అడ్డం జరిగాడు. "కంప్యూటర్ పాడైనాదన్నా. డిస్కు కాలిపోయినాది" అనేశాడు.

"అయ్యో! నీ కూడు పోయినట్లే గదప్పా. నాది ఇడువు, ముందు నువ్వు బాగు చేయించుకో" అని నాగప్ప అతని భుజం తట్టాడు. ఆ తట్టడం జయరాజుకు చెప్పుదెబ్బకంటే ఎక్కువ తగిలింది.

అప్పటికే అన్నం క్యారియరుతో సువార్త వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. మొగుడి వెనక తిరుగుతున్న ఫ్యాన్లను, లైట్లను, తెర మీద లారీని చూసింది.

"ఎడిటింగ్‌కే అంటివే" అంది మెల్లగా. "చెప్పు. ఆయప్పకు నిజం చెప్పు."

జయరాజు చెప్పాడు. నేల చూస్తూ, ముక్కలు ముక్కలుగా అంతా చెప్పాడు.

"ఆటకా?" అన్నాడు నాగప్ప. కోపం లేదు, అర్థం కానట్టు అడిగాడంతే. మళ్లీ తనే, "నువ్వు దగ్గరుంటివి గదప్పా. ఏమనినాదో నీకన్నా గుర్తుండాదా?" అన్నాడు.

జయరాజు ఎంత తవ్వుకున్నా తను వేసిన పాటే తప్ప ఏదీ రావడం లేదు. ఎదురుగా నాగప్ప కళ్లు ఆశగా చూస్తున్నాయి. వాటిని ఉత్తచేతులతో పంపలేక మళ్లీ అబద్ధమాడాడు.

"నిన్నే పిలిచినాదన్నా. నాగప్పా, నీళ్లు పడినాయి అని అరిచినాది."

నాగప్ప మొహం ఒక్క క్షణం వెలిగి, వెంటనే వాడిపోయింది.

"అన్నేండ్లు కాపురం చేసినాది, నా పేరు ఒక్కసారి గూడా నోటితో పలకలేదప్పా ఆయమ్మ. రేషన్ అంగట్లో అడిగినా పక్కనోళ్లతో చెప్పించె."

టవలు భుజాన వేసుకుని, షట్టరు కింద వంగి వెళ్లిపోయాడు. సువార్త క్యారియరు బల్ల మీద పెట్టి, మొగుడి వైపు చూడకుండా ఆయన వెనకే నడిచింది. జయరాజు తల ఎత్తలేక అలాగే నిలబడ్డాడు. అతని వెనక ఆగిన లారీ అద్దం మీద వాన పడుతూనే ఉంది.