వాడపల్లి మిట్ట మీద గొంగడి

రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉందనగా నన్ను మిర్యాలగూడ సెంటర్‌లో వేశారు. ఒక దినపత్రికలో స్టాఫ్ ఫొటోగ్రాఫర్‌ని. సూర్యాపేట, కోదాడ కూడా నా కిందికే వచ్చేవి. ఆ వానాకాలంలోనే ఆఫీసు నాకో లాంగ్ జూమ్ లెన్స్ ఇచ్చింది. నూట యాభై నుంచి ఆరువందల మిల్లీమీటర్ల దాకా లాగుతుంది, చేతికి పసిపిల్లంత బరువు. హాలియాలో ఒక సభకు తీసుకెళ్తే టీ కొట్టు దగ్గర ఒకాయన, దీనితో చంద్రుడి మీద మనుషులు కనిపిస్తారా అని అడిగాడు. టీ తాగాక చూపిస్తానన్నాను.

పెద్ద లెన్స్ ఉంటే ఫొటో దానంతట అదే వస్తుందని జనం నమ్మకం. కొందరు ఎడిటర్లదీ అదే. దూరాన్ని దగ్గరకు తెచ్చే లెన్స్, మన వణుకును కూడా అంతే పెద్దది చేసి చూపిస్తుంది. ఈ ముక్క చెబితే ఎవరికీ ఎక్కదు.

వానాకాలం చివర సాగర్ గేట్లు ఎత్తారు. సూర్యాపేట వైపు నుంచి మూసీ కూడా పొంగింది. కృష్ణా, మూసీ కలిసే వాడపల్లి దగ్గర నీళ్ల మధ్య ఒక మిట్ట మిగిలిపోయింది, దాని మీద ఒక గొర్రెల మంద. కబురు అందగానే బయల్దేరాను. వంతెన మీద జనం మూగి ఉన్నారు. వాళ్లలో లింగమ్మ అనే ఆమె రెయిలింగ్ పట్టుకొని నిలబడి ఉంది. మంద వాళ్లదే. నిడమనూరు దిక్కు నుంచి మేపుకుంటూ వచ్చి ఇవతలి ఒడ్డున దిగారట. భర్త సైదులు ముందురోజు మందను మిట్ట మీదికి తోలుకెళ్లాడు. అతని ఫోను స్విచాఫ్ వస్తున్నది.

రెవెన్యూ తరఫున వచ్చింది డిప్యూటీ తహసీల్దార్ నర్సింహ. తహసీల్దార్‌కు ఒక మెట్టు కింది అధికారి, నలభై లోపు మనిషి. ఆయన దగ్గరున్నది ఒకటే రబ్బరు పడవ. కోదాడ వైపు ఒక ఇల్లు నీళ్లలో చిక్కుకొని, ఇంటివాళ్లు డాబా ఎక్కి కూర్చున్నారు. మిట్ట మీద మనిషి ఉంటే పడవ ముందు ఇక్కడే దిగాలి. జీవాలు మాత్రమే అయితే కోదాడకు పంపాలి. ఆ గాలికి డ్రోన్ ఎగరదన్నారు. కంటికి మిట్ట మీద మూసీ వైపు అంచున ఒక నల్లటి ముద్ద మాత్రం కనబడుతున్నది. మనిషో, బండరాయో తేల్చమని నర్సింహ నన్ను అడిగాడు.

వంతెన మీదినుంచి తీసినవన్నీ చెడిపోయాయి. సిమెంటు లారీ వెళ్లినప్పుడల్లా వంతెన సన్నగా అదురుతుంది. కాళ్లకు తెలియదు, లెన్స్‌కు తెలుస్తుంది. లెన్స్‌లో వణుకును సర్దే ఏర్పాటు ఉంటుంది కానీ అది చేతి వణుకు కోసం, లారీల కోసం కాదు. స్క్రీన్ మీద ముద్ద ముద్దగానే ఉంది. లింగమ్మ నా భుజం మీదుగా తొంగి చూసి మళ్లీ రెయిలింగ్ దగ్గరకు వెళ్లింది. నాకు సిగ్గేసింది.

ఒడ్డుకు దిగాను. ట్రైపాడ్ కాళ్లు పొట్టిగా పెట్టి, యూరియా సంచిలో ఇసుక నింపి దానికి వేలాడదీశాను. స్టాండు మీద ఉన్నప్పుడు ఆ వణుకు సర్దే స్విచ్ ఆపేయాలి, లేకపోతే లేని వణుకును వెతికి కొత్తది పుట్టిస్తుంది. జూమ్ పూర్తిగా లాగితే అంచులు మెత్తబడతాయి, కొంచెం వెనక్కి తెచ్చాను. వెలుతురు వచ్చే కన్నం, అపర్చర్, ఒక మెట్టు మూసి, షట్టర్ వేగం పెంచాను. మబ్బు వెలుతురులో దానికి ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురును పట్టే శక్తి, పెంచక తప్పదు, ఫొటోలో ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తాయి. రానీ. కదిలిన ఫొటోను మాత్రం ఎవరూ బాగుచేయలేరు. ఆటో ఫోకస్ వాన చినుకుల వెంట పరుగెడుతుంటే దాన్ని ఆపి, స్క్రీన్ మీద పెద్దది చేసుకొని చేత్తోనే ఫోకస్ తిప్పాను. గాలి ఆగినప్పుడు, కెమెరాను తాకకుండా, కేబుల్ రిలీజ్ నొక్కాను.

ఈసారి ఫొటో స్పష్టంగా వచ్చింది. తెల్లచార ఉన్న ఒక రాయి, దాని పక్కన పాతిన కట్టె, కట్టెకు కప్పిన గొంగడి. లోపల మనిషి లేడు.

నర్సింహ దాన్ని పెద్దది చేసి చూశాడు. ఆయనదీ గొర్రెల కాపరుల ఇల్లేనని అప్పుడే తెలిసింది. "మా నాయిన గూడ గిట్లనే కట్టె పాతి గొంగడి కప్పి పోయెటోడు. మనిషున్నడనుకొని గొర్లు గా దిక్కు పోవు," అన్నాడు. అంటే సైదులు గొంగడిని కాపలా పెట్టి ఎటో వెళ్లాడు, తిరిగి రాలేదు. నీళ్లలోనే పోయి ఉంటాడని అందరికీ అనిపించింది. పడవను కోదాడ పంపడానికి వ్యాన్ ఎక్కించమన్నాడు. ఆ లెక్కలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

లింగమ్మ మాత్రం కదల్లేదు. "ఆయన మందనిడిసి పోడు సారూ. గాడనే ఉన్నడు," అంది.

ఈలోగా డెస్క్ నుంచి ఫోను. ఫొటో వెంటనే పంపమన్నారు. అందులో ఏముందో నేను చెప్పగానే 'మిగిలింది గొంగడే' అని సబ్ ఎడిటర్ శీర్షిక కూడా పెట్టేశాడు. సిగ్నల్ లేదని చెప్పాను. సిగ్నల్ బాగానే ఉంది. ఆమె పక్కనే ఉండగా ఆ శీర్షికకు ఫొటో పంపడానికి నాకు చేతులు రాలేదు.

వెలుతురు మారేదాకా ట్రైపాడ్ కదపకపోవడం నా అలవాటు. వాన కొంచెం తెరిపిచ్చింది. జూమ్, ఫోకస్ ముట్టుకోకుండా ఇంకో ఫ్రేమ్ తీశాను. పాతదీ కొత్తదీ మార్చి మార్చి చూస్తే, తెల్లచార రాయి సగం మునిగింది. గొంగడి రాయి పక్కన లేదు. పైన, ఒక తుమ్మపొద పక్కన నిలబడి ఉంది.

నర్సింహ దగ్గరకు దాదాపు పరుగెత్తాను. గొర్రెలు నీళ్లకు బెదిరి పైకి జరుగుతాయి, కట్టె దానంతట అది నడవదు అన్నాను. ఆయన రెండు ఫ్రేములూ చూశాడు. కోదాడకు ఫోను చేస్తే, డాబా మీదివాళ్లకు అప్పటికి ప్రమాదం లేదు, సాయంత్రం దాకా ఆగగలరన్నారు. పడవను వ్యాన్ మీదినుంచి దింపించాడు.

సైదులు మిట్టకు అవతలి వాలున, కృష్ణ కోస్తున్న వైపు, గొర్రెల మధ్య కూర్చొని దొరికాడు. మనిషి ఒక్కడు, కాపలా రెండు దిక్కులకు. అందుకే మూసీ వైపు గొంగడిని నిలబెట్టి, కృష్ణ వైపు తను కూర్చున్నాడు. నీళ్లు పెరిగినప్పుడల్లా వచ్చి కట్టె పైకి జరిపి వెళ్తున్నాడు. ఆ వాలు నుంచి వంతెన కనబడదు, తన కోసం ఎవరైనా చూస్తున్నారని అతనికి తెలియదు. ముందు గొర్రెపిల్లలను ఎక్కిస్తేనే పడవెక్కుతానని మొండికేశాడట.

ఒడ్డున దిగినప్పుడు చలికి అతని పళ్లు కొట్టుకుంటున్నాయి. లింగమ్మ ఏడుస్తుందనుకున్నాం. తడిసిన అతని భుజాలు కొంగుతో తుడుస్తూ, గొంగడేదని కసిరింది.

"గాడనే ఉంచిన. మంద గాడనే ఉన్నది గద, కావలి వద్దా?" అన్నాడు.

సాయంత్రం కోదాడ ఇంటివాళ్లూ క్షేమంగా దిగారు. వరద తీసేదాకా మంద ఆ మిట్ట మీదే నిలిచింది. మర్నాడు పేపర్లో పడింది గొర్రెపిల్లలతో పడవ దిగుతున్న సైదులు ఫొటో, అది మామూలు చిన్న లెన్స్‌తో తీసింది.

తర్వాత కొత్త ఫొటోగ్రాఫర్లు లాంగ్ లెన్స్ సంగతి అడిగితే ఇసుక సంచి, స్విచ్, అపర్చర్ అన్నీ చెప్పేవాణ్ణి. చివర ఇదీ చెప్పేవాణ్ణి. ఎంత స్పష్టమైన ఫొటో అయినా, అందులో మనిషి లేడంటే ఆ ఫొటోలో లేడనే అర్థం. మనిషే లేడని శీర్షిక పెట్టేముందు, ట్రైపాడ్ కదపకుండా ఇంకో ఫ్రేమ్ తీయాలి.