అర్థం తెలియకుండా చదివిన ఉత్తరాలు

నా భార్య ఈ 1988 ఫిబ్రవరిలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో తాను పనిచేసిన ఆసుపత్రిలోనే కన్నుమూసింది. నర్సుగా ఆమె మన సంఘంలో చాలామందికి తెలుసు. ఆమె చేసిన ఇంకో పని కొద్దిమందికే తెలుసు. అది రాస్తాను.

డెబ్బైల చివర మా కింది అపార్ట్‌మెంట్‌లోకి ఇరాక్ నుంచి కుర్దు తల్లీకొడుకులు వచ్చారు. పెద్దావిడకు చదువు రాదు. కొడుక్కి వచ్చింది అరబ్బీ లిపి ఒక్కటే. ఆవిడ అక్కను టర్కీకి ఇచ్చారు. ఆ కుటుంబం తర్వాత జర్మనీ చేరింది. అక్క ఉత్తరాలు కుర్దిష్‌లోనే వచ్చేవి, కానీ లాటిన్ అక్షరాల్లో.

మా వీధిలో ఇంగ్లీషు చదివిన కుర్దు ఒకాయన ఉండేవాడు. ఆయనది సొరానీ మాండలికం, పెద్దావిడది కుర్మాంజీ. ఆయన ఉత్తరం కూడబలుక్కుని చదివి, సంగతి తన మాటల్లో చెప్పేవాడు.

పెద్దావిడ మా గుమ్మంలో నిలబడి వచ్చీరాని ఇంగ్లీషులో అంది: "ఆయన మంచోడు. కానీ మా అక్క అట్లా మాట్లాడదు."

నా భార్య ఉత్తరం తీసుకుని అక్షరం అక్షరం పలికింది. తప్పినచోటల్లా పెద్దావిడ వేలెత్తేది. "జారెకె దిన్." ఇంకోసారి అని. ఆ మాట సరిగా ఎలా ఉంటుందో తాను పలికి చూపేది. నా భార్య ఒక కార్డు మీద తెలుగులో రాసుకుంది: సి ఎదురుగా జ, ఎక్స్ ఎదురుగా ఖ, తోక ఉన్న ఎస్ ఎదురుగా ష.

"ఒక్క ముక్క అర్థం కాకుండా ఇంత గట్టిగా చదివేది నువ్వొక్కదానివే," అన్నాను.

"మీరు చర్చిలో వంశావళి చదవరూ? ఆ పేర్లన్నీ మీ చుట్టాలవా ఏంటండీ?" అంది. తర్వాత నెమ్మదిగా, "అర్థం తెలిస్తే నేనూ మార్చేస్తానండీ. తెలీదు కాబట్టే వాళ్లక్క వాళ్లక్కలాగే వినబడతంది."

తొమ్మిదేళ్లు చదివింది. డబుల్ డ్యూటీ చేసి వచ్చినా, ఉత్తరం వచ్చిందంటే యూనిఫాం మార్చకుండా కిందికి వెళ్లేది. పెద్దావిడ ఏడిస్తే ఆగేది. నవ్వితే తానూ నవ్వేది. అందులో ఏముందని ఏనాడూ అడగలేదు.

జనవరిలో నా భార్య మంచం పట్టాక పెద్దావిడే ఉత్తరం తీసుకుని పైకి వచ్చింది. సగం చదివేసరికి ఆమెకు ఊపిరి చాలలేదు. "మిగతాది మీరు చదవండి," అంది. నాకు రాదన్నాను. పెద్దావిడ ఉత్తరం వెనక్కి తీసుకోలేదు. "ఆమె లేచాక," అంది.

భూస్థాపన అయ్యాక ఆ ఉత్తరం, కార్డు ఆమె బైబిల్‌లో దొరికాయి. నాకు రాదన్న మాట నిజమే. ప్రయత్నించలేదన్నదీ నిజమే. రెండు వారాలు ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తూ, హైవే మీద ఆ అక్షరాలు పైకి పలికాను.

మొన్న ఆదివారం కిందికి వెళ్లాను. నా చేతిలో కాగితం చూసి పెద్దావిడ నా భార్య కూర్చునే కుర్చీ ముందుకు జరిపింది. ఆమె ఆగినచోట పెన్సిల్ గీత ఉంది. పెద్దావిడ కళ్లు మూసుకుంది. అక్కణ్నుంచి మొదలుపెట్టాను.

మొదటి మాటే తప్పింది. పెద్దావిడ కళ్లు తెరవలేదు. వేలు మాత్రం లేచింది.