తప్పు చిప్‌ది కాదు

మొన్న బుధవారం ఉదయం కాకినాడ ఆస్పత్రిలో మా మేనత్త పోయింది. నేను ల్యాబ్‌లో గ్లవ్స్ తొడుక్కుంటుంటే తమ్ముడు ఫోన్ చేసి, "అత్త ఇక లేదక్కా" అన్నాడు. పొగకి ఊపిరితిత్తులు చితికిపోయాయని డాక్టర్లు చెప్పి ఎనిమిది నెలలే అయింది.

అత్త జన్మలో చుట్ట ముట్టలేదు. ఎండ రాని రోజుల్లో, తీరాన మా పాకలో కొబ్బరి డొక్కలు రాజేసి, ఆ సెగ మీద రొయ్యలు ఆరబెట్టేది. నలభై ఏళ్ళు అదే పని. నన్ను చదివించింది ఆ రొయ్యలే. ఎవరైనా దగ్గు గురించి అడిగితే "చలవ చేసిందండీ, అదే పోతుంది" అనేది.

నేను చేసేది మనిషి శ్వాసనాళాన్ని చిప్ మీద పెంచడం. అగ్గిపెట్టెకన్నా చిన్న బిళ్ళ. లోపల సన్నటి కాలువ, మధ్యలో పలచటి పొర. పొరకి పైన గాలి, కింద పోషక ద్రవం. ముక్కులోంచి బ్రష్‌తో తీసిన కణాలు ఆ పొర మీద పెరుగుతాయి. వాటికి నూగులాంటి రోమాలు మొలిచి, కళ్ళెను ఊడ్చేస్తూ కదులుతుంటాయి. పొగ ఏం చేస్తుందో తెలియాలంటే ముందు పొగ తగలని మనిషి కణాలు కావాలి. అత్తని అడిగాను.

ఫారంలో ఉన్నది చదివాను. "సిగరెట్, బీడీ, చుట్ట అలవాటుందా అత్తా?"

"ఏంటే ఆ మాటలు? మనింట్లో ఆడోళ్ళెవరైనా తాగారా?"

లేదని టిక్కు పెట్టాను. ఆ పాకలోనే పెరిగినదాన్ని, అది పొగని నాకూ తోచలేదు. మా ఇంట్లో దాన్ని పని అనేవాళ్ళం.

అత్త చిప్‌లో రోమాలు సరిగా మొలవలేదు. మొలిచినవి కదల్లేదు. గాలి బుడగ చేరి చిప్ పాడైందనుకుని పారేశాను. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ పారేశాను. పక్కనే మిగతావాళ్ళ చిప్‌లు చక్కగా ఉన్నా నాకు బుద్ధి రాలేదు. రెండేళ్ళ తర్వాత ఆయాసం ఎక్కువై స్కాన్ తీస్తేగానీ, చిప్ నిజమే చెప్పిందని తెలియలేదు. ముందే తీసుకొస్తే బతికేదా అని డాక్టరుగారిని అడిగాను. "ఆ పని అప్పుడే మాన్పించి ఉంటే కొన్నేళ్ళు వచ్చేవేమోనండి" అన్నారు. ఆ కొన్నేళ్ళూ నా చేతులారా చెత్తడబ్బాలో వేశాను. దయచేసి నన్నెవరూ ఓదార్చకండి.

మూడోసారి ల్యాబ్‌కి పిలిపించి ముక్కులో బ్రష్ తిప్పినప్పుడు అత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైటతో ముక్కు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది.

"నా ముక్కు మంచిది కాదేమోనే. నా మూలంగా నీ పనంతా పాడవుతోంది. ఏమనుకోకమ్మా."

"పర్లేదులే అత్తా" అన్నాను.

బయట ముసురు పట్టింది. రొయ్యలు తడిసిపోతాయి, పాకలోకి చేర్చి డొక్కలు రాజెయ్యాలని ఆవిడ ఒకటే తొందర. ఆటో పిలిచి, బస్టాండుకి తీసుకెళ్ళి, నేనే బస్సెక్కించాను.